గంజి రెక్కల విమానం

విమానం సుందరరామయ్య గారు పోయారని పోయిన నెలలో చల్లపల్లి నుంచి ఫోను వచ్చింది. తొంభై దాటాయి. మధ్యాహ్నం పెరుగన్నం తిని, పడకకుర్చీలో కూర్చుని, టీవీ రిమోటు చేతిలో ఉండగానే ప్రశాంతంగా వెళ్లిపోయారట. విజయవాడ నుంచి బస్సెక్కి పరామర్శకు వెళ్లాను. కోడలు నా పక్కన కూర్చుని, "ఏ బాధా పడలేదండీ, అదృష్టవంతులు, కుర్చీలోనే పోయారు" అంది. నాకు నవ్వు వచ్చింది. ఆపుకోలేక కొంగు నోటికి అడ్డం పెట్టుకుంటే, ఏడుస్తున్నాననుకుని ఎవరో మంచినీళ్లు తెచ్చిచ్చారు. ఆ మనిషి కుర్చీలో పోవడమేమిటి? నా చిన్నతనంలో ఆయన ఆ వారం గడుస్తాడా లేదా అన్నది మా ఊరి వాళ్లకు నిత్యం ఉండే చర్చ. తాటిచెట్టుకు తగిలి పోతాడని కొందరు, కాలువలో పడి పోతాడని కొందరు, గేదె పొడిచి పోతాడని మా నాయనమ్మ. విమానంలో ఉన్నవాణ్ని గేదె ఎలా పొడుస్తుందని మీరు అడగవచ్చు. ఆయన ఎగిరే ఎత్తు చూసినవాళ్లెవరూ ఆ ప్రశ్న అడగలేదు.

మాది చల్లపల్లికి రెండు మైళ్ల దూరంలో, కాలువ గట్టును ఆనుకుని ఉన్న నేతపేట. ఇంటికో మగ్గం, కొన్ని ఇళ్లలో రెండు. పొద్దున లేవగానే ఏ ఇంట్లోనైనా మొదట తగిలేది గంజి వాసనే. బియ్యం మెత్తగా కాచి వడకట్టిన గంజి, కొంచెం పుల్లగా, వెచ్చగా ఉండే ఆ వాసన మా బట్టలకీ, జుట్టుకీ, ఆఖరికి మా బడి పుస్తకాలకీ పట్టి ఉండేది. ఎండ పొడ పడగానే వీధిలో పడుగు పరిచేవారు. పడుగు అంటే మగ్గం మీదికి ఎక్కించబోయే నిలువు పోగులు. వాటిని వీధి ఈ చివర నుంచి ఆ చివర దాకా కర్రల మీద బిగించి కట్టి, పెద్ద కుంచెతో గంజి పట్టించి ఆరబెడతారు. ఆ రెండు గంటలూ వీధిలోంచి బండి పోకూడదు, కోడి నడవకూడదు. నడిచిందా, మా తాతయ్య నోరు చల్లపల్లి దాకా వినపడేది.

తాతయ్యకు ఒక అలవాటు ఉండేది. ఎవరు ఎదురైనా ముందు వాళ్ల ఒంటి మీది గుడ్డ అంచు బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి నలిపి చూసేవాడు. ఆ తరవాతే పేరు అడిగేవాడు. పెళ్లిచూపులకు వచ్చినవాళ్ల చొక్కాలు, బడి తనిఖీకి వచ్చిన అధికారి కోటు, ఏదీ వదల్లేదు. నేత బాగా లేకపోతే మొహం మీదే చెప్పేవాడు. మా మేనత్తకు ఒక మంచి సంబంధం అలాగే తప్పిపోయింది. నాయనమ్మ ఆ సంగతి ఇరవై ఏళ్లపాటు రోజూ పొద్దున్నే గంజి వారుస్తూ గుర్తు చేసేది.

ఇక సుందరరామయ్య గారు. ఆయన పక్క ఊరి మోతుబరి రైతు గారి ఒక్కగానొక్క కొడుకు. చదువుకోమని మద్రాసు పంపిస్తే విమానం తోలడం నేర్చుకుని, అక్కడెవరో పాతబడిందని వదిలించుకుంటున్న విమానాన్ని తీసుకుని, ముక్కలుగా విప్పి లారీ మీద ఊరికి తెచ్చారు. కిందొక రెక్క, పైనొక రెక్క, ఒకదాని వెనక ఒకటి రెండు సీట్లు, పైకప్పు లేదు. ముందు సీటులో కూర్చునేది వెంట వచ్చిన మనిషి, వెనక సీటులో కూర్చునేది తోలేవాడు. ఇద్దరూ మాట్లాడుకోవడానికి డాక్టరు మెడలో ఉండేలాంటి రబ్బరు గొట్టం ఒకటి. వరి పొలాలకు మందు చల్లడానికని ఇంట్లో చెప్పారు. మందు చల్లిన మాట నిజమే కానీ, ఆయన ప్రాణం ఉన్నది నేలకు అంటీ అంటనట్టు ఎగరడంలో. తాటిచెట్ల వరసలో ఒక పక్కకు వాలి దూరిపోయేవారు. పాతిన వెదురు మీది చేతిరుమాలును రెక్క కొసతో తీసుకుపోయేవారు. కాలువ నీటి మీద గట్టు కన్నా కిందగా వచ్చేవారేమో, గట్టవతల పొలంలో ఉన్నవాళ్లకు విమానం కనపడేది కాదు. కళ్లద్దాలు పెట్టుకున్న ఒక తలకాయ మాత్రం గట్టు మీదుగా రివ్వున దొర్లుకుంటూ పోయేది.

ఆ విమానాన్ని బిగించినవాడు విజయవాడ ఆటోనగర్ నుంచి వచ్చిన మస్తాను మేస్త్రీ. జన్మలో లారీలు తప్ప మరొకటి విప్పి ఎరగడు. ఇంజనంటే ఇంజనేనని ఆయన సిద్ధాంతం. అంతా బిగించాక ఏదో లోటుగా అనిపించి, లారీకి పెట్టే హారన్ ఒకటి తెచ్చి ముక్కు పక్కన తగిలించాడు.

"గాల్లో నాకు ఎదురొచ్చేదెవరు మేస్త్రీ?" అని సుందరరామయ్య గారు అడిగారట.

"గేదెలండీ" అన్నాడట మేస్త్రీ.

నాకప్పుడు పన్నెండేళ్లు. ఒకరోజు పొద్దున మా పడుగు వీధిలో ఆరుతోంది. రెండు నెలల పాటు ఇంటిల్లిపాదీ నేయాల్సిన నూలంతా అదే. నేను గంజి గిన్నె పట్టుకుని తాతయ్య పక్కన నిలబడ్డాను. హారన్ వినపడింది. లారీ అనుకుని తాతయ్య తిట్టడానికి నోరు తెరిచాడు. ఆ తెరిచిన నోటి ముందు నుంచి విమానం వీధిలోకి వచ్చింది. పెంకుటిళ్ల చూరుల కన్నా కిందగా, మా వీధి వెడల్పు తన కోసమే కొలిచి కట్టినట్టు వచ్చింది. వచ్చి, చక్రాలతో మా పడుగును అందుకుని, కర్రలతో సహా లేపుకుని, వీధి చివర చింతచెట్టు మీదుగా వెళ్లిపోయింది. తెల్లటి పోగులు గడ్డంలాగా వెనక వేలాడుతున్నాయి. వీధి ఒక్కసారిగా ఖాళీ అయింది. చేతిలో కుంచెతో తాతయ్య మాత్రం మిగిలాడు.

తరవాత తాతయ్య పరుగెత్తాడు. గోచీ, కుంచె, అంతే. గట్టు వెంట, పొలాలకడ్డంగా, విమానం దిగే మెట్టపొలం దాకా. నేనూ పరుగెత్తాను. గంజి గిన్నె కింద పెట్టాలన్న ఆలోచన కూడా రాలేదు. మేం వెళ్లేసరికి సుందరరామయ్య గారు చక్రాలకు చుట్టుకున్న పోగుల మధ్య సాలెగూడులో పురుగులా కూర్చుని ఉన్నారు.

"క్షమించాలి బాబాయి గారూ" అన్నారు లేచి నిలబడలేక. "పైనుంచి చూస్తే తెల్లగా, తిన్నగా ఉంది. ఊళ్లో సిమెంటు రోడ్డు వేశారనుకున్నాను. దిగి చూద్దామని..."

ఏం జరగబోతోందోనని నేను కళ్లు మూసుకున్నాను. ఎంతసేపటికీ దెబ్బ చప్పుడు లేదు. తెరిచి చూస్తే తాతయ్య రెక్క దగ్గర నిలబడి, దాని అంచును రెండు వేళ్ల మధ్య నలుపుతున్నాడు.

"బాబూ, ఇది గుడ్డా?"

"గుడ్డేనండీ. లోపల చెక్క బద్దలు, పైన గుడ్డ."

"దీన్ని పట్టుకునా నువ్వు గాల్లోకి పోయేది?" తాతయ్య మొహంలో కోపం పోయి మరేదో వచ్చింది. "ఎవడు నేశాడు దీన్ని?"

"తెలియదండీ. ఎక్కడిదో సీమ గుడ్డ."

"నేత వదులు. అడ్డం పేక సరిగ్గా కొట్టలేదు. ఇట్టాంటి గుడ్డతో మా పేటలో చెంబు కూడా తుడవరు. ప్రాణం మీద ఆశ లేదా నీకు?"

తీర్పు అక్కడికక్కడే అయింది. పాడుచేసినవాడే చిక్కు తీయాలి. మర్నాటి నుంచి సుందరరామయ్య గారు మా అరుగు మీద కూర్చుని పడుగు చిక్కు తీశారు. పదకొండు రోజులు. నూలు దుమ్ము కళ్లలో పడుతోందని విమానం కళ్లద్దాలు పెట్టుకునే కూర్చునేవారు. మోతుబరి గారి అబ్బాయి నేతపేట అరుగు మీద పోగులు తీస్తున్నాడని చూడటానికి నాలుగూళ్ల జనం వచ్చారు. నాయనమ్మకు మొదట ఆయనంటే ఒళ్లు మండేది. మూడో రోజు గోంగూర పచ్చడి వేస్తే మారడిగి తిన్నారు. దాంతో ఆయన మంచివాడైపోయాడు. చిక్కు తీసిన నూలు సగానికి పైగా దక్కింది కానీ, ముడులు పడిన ఆ నూలుతో పంచెలు నేస్తే తన పేరు పోతుందన్నాడు తాతయ్య. దేనికి వాడదామని రెండు రోజులు ఆలోచించి, "రెక్కలకు నేస్తాను. ఎటూ ఆ నూలుకు ఎగరడం అలవాటైంది" అన్నాడు.

నేశాడు. అంత గట్టి గుడ్డ మా పేటలో అంతకు ముందెవరూ నేయలేదు. నాయనమ్మ కుట్టింది. పాత గుడ్డ విప్పేసి, చెక్క బద్దల మీద కొత్త గుడ్డ బిగించారు. అయితే దాని మీద పూయాల్సిన మందు ఒకటి మద్రాసు నుంచి రావాలట. అది పూస్తేనే గుడ్డ డోలులా బిగుస్తుంది. అది రాలేదు. ఈలోగా విజయవాడలో కృష్ణ ఇసుకలో జరిగే రైతుల సంబరంలో విమానం ఆడించమని సుందరరామయ్య గారికి పిలుపు వచ్చింది. గుడ్డ బిగియడానికి మద్రాసు ఎందుకని తాతయ్య నవ్వాడు. "మణీ, గంజి కాయి" అన్నాడు నాతో.

అంత గంజి నేనెప్పుడూ కాయలేదు. రెండు శేర్ల బియ్యం, పెద్ద కాగు. అడుగంటకుండా కలిపీ కలిపీ చేతులు బొబ్బలెక్కాయి. తాతయ్య కుంచెతో పొరమీద పొర పూశాడు. ఎండాక వేలితో కొడితే రెక్క ఖంగుమంది. మస్తాను మేస్త్రీ రెక్క చుట్టూ రెండుసార్లు తిరిగి, "వాన పడితే ఏంటి తాతా?" అన్నాడు. "నడి ఎండాకాలంలో వానేంటయ్యా?" అన్నాడు తాతయ్య. అందరికీ అది సబబుగానే తోచింది. ఆ గుడ్డ నేసినవాణ్ని కాబట్టి గాల్లో అది ఎలా ఉంటుందో కళ్లారా చూసుకోవాలని, ముందు సీటులో తనే కూర్చుంటానని కూడా తాతయ్య అప్పుడే ప్రకటించాడు. అప్పటిదాకా తాతయ్య రైలు కూడా ఎక్కలేదు.

"ఏవయ్యా, నీకేమన్నా పిచ్చా? ఈ వయసులో ఆకాశానికి పోతావా?" అంది నాయనమ్మ.

"ఆకాశానికి కాదే, బెజవాడకి."

నాయనమ్మ సుందరరామయ్య గారి వైపు తిరిగింది. "బాబూ, ఎంత ఎత్తున పోతావు?"

"మీ ఇష్టం పిన్నిగారూ."

"అయితే కిందగానే పో. పడ్డా దెబ్బ తగలకూడదు. ఇదిగో, ఇంతెత్తు." చెయ్యి తన నెత్తికి మూరెడు పైన పెట్టి చూపించింది. "ఇంతకు మించి పైకి పోనని నా మీద ఒట్టెయ్యి."

సుందరరామయ్య గారి కళ్లలో నీళ్లు తిరిగాయి. నేను చూశాను. పుట్టి బుద్ధెరిగాక కన్నతండ్రి దగ్గర్నుంచి ఆఫీసర్ల దాకా ప్రతివాళ్లూ పైకి పో, పైకి పో అని ఆయన్ను తిట్టినవాళ్లే. కిందగా పొమ్మని బతిమాలిన మొదటి మనిషి మా నాయనమ్మ. "ఒట్టు పిన్నిగారూ" అన్నారు.

ఆ ఒట్టు అక్షరాలా నిలబెట్టుకున్నారు. నేనూ నాయనమ్మా బస్సులో బయలుదేరాం. నాయనమ్మకు బస్సు పడదు. పెట్రోలు వాసనకు ఊరు దాటకముందే తల కిటికీలోంచి బయటపెట్టింది, మళ్లీ లోపల పెట్టలేదు. రోడ్డు కాలువ పక్కకు వచ్చిన చోట హారన్ వినపడింది. బస్సు డ్రైవరు పక్కకు తప్పుకుని దారిచ్చాడు. విమానం నీళ్ల మీదుగా, సరిగ్గా మా కిటికీ ఎత్తున, మమ్మల్ని దాటుకుంటూ వచ్చింది. ముందు సీటులో తాతయ్య బిగుసుకుని కూర్చుని, మమ్మల్ని చూసి చెయ్యి ఊపాడు. కక్కుకుంటున్న నాయనమ్మ తల ఎత్తి, "నెమ్మదిగా పోవయ్యా!" అని అరిచింది. వంతెన అడ్డం వచ్చింది. విమానం గొర్రెపిల్ల గోడ దూకినట్టు దాన్ని దూకి, మళ్లీ కాలువలోకి దిగిపోయింది. బస్సంతా చప్పట్లు కొట్టింది.

సాయంత్రం నాలుగింటికి నది ఇసుకలో ఇసకేస్తే రాలనంత జనం. వేదిక మీద ఒక నాయకుడు గారు ప్రసంగిస్తున్నారు. మబ్బు ఎక్కణ్ణుంచి వచ్చిందో తెలియదు. విమానం ఇసుక మీదుగా మొదటిసారి వచ్చినప్పుడు ఎండ ఉంది. బుడగలమ్మేవాళ్లు బోర్లా పడుకున్నారు. వెదురు మీది రుమాలు రెక్కకొస మీదకు ఎక్కింది. జనం ఈలలు వేశారు. రెండోసారి వచ్చేసరికి టపటపా పెద్ద చినుకులు మొదలయ్యాయి. మూడోసారి విమానం నది మలుపు తిరిగేటప్పుడు నేను రెక్కను చూశాను. ఖంగుమన్న రెక్క తడిసిన పంచెలాగా జారి, చెక్క బద్దల మధ్య గుంటలు పడి కొట్టుకుంటోంది. తెల్లటి గంజి ధారలుగా కారుతోంది. అక్కడున్న అన్ని వేల మందిలో అదేమిటో తెలిసినదాన్ని నేనొక్కదాన్నే. ఆ గంజి కాచింది నేను. ఇసుకలో కూలబడ్డాను. నాయనమ్మ నా చెయ్యి పట్టుకుని, "ఒట్టు తప్పలేదు, కిందనే ఉన్నాడు, ఏం కాదు" అంటోంది. నేను మా తాతయ్యను చంపేశాననే అనుకున్నాను. ఆ కొన్ని క్షణాల చలి ఈ వయసులో కూడా నాకు అప్పుడప్పుడు వీపున పాకుతుంది.

విమానం ఒరిగింది, సర్దుకుంది, మళ్లీ ఒరిగింది. ఆపకుండా హారన్ మోగుతోంది. జనం రెండుగా చీలారు. చక్రాలు ఇసుకలో పడి, ఎగిరి, మళ్లీ పడి, పుచ్చకాయల రాశిని చెల్లాచెదురు చేసి, నేరుగా వేదిక దగ్గరికి వచ్చి, నాయకుడు గారికి రెండు గజాల ముందు ఆగింది. ఇసుక అదిరేలా చప్పట్లు. ప్రదర్శనలో ఆఖరి విన్యాసం అదేనని అందరూ అనుకున్నారు. ముందు కూర్చున్నవాడే తోలేవాడనుకుని నాయకుడు గారు తన మెడలోని దండ తీసి, తల నుంచి నడుము దాకా గంజితో తెల్లబడిపోయిన తాతయ్య మెడలో వేశారు.

"ఎన్నాళ్ల నుంచి ఈ పనిలో ఉన్నారండీ పెద్దాయన?" అని మైకులో అడిగారు.

"పుట్టినప్పట్నుంచీ ఇదేనండీ. మా తాతల నాటి నుంచీ మగ్గం పనే" అన్నాడు తాతయ్య. అని, అలవాటుగా ఆయన చొక్కా అంచు పట్టుకుని నలిపి చూశాడు. ఏమీ అనలేదు. అంత పెద్ద ప్రమాదం నుంచి బయటపడినవాడు అంత సంయమనం చూపించడం నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

నేను ఏడుస్తూ వెళ్లి తాతయ్య కాళ్లకు చుట్టుకున్నాను. "గంజి బాగా కాచావే పిల్లా. ఒక్క ఉండ లేదు. నా నోట్లోకి కూడా పోయింది" అన్నాడు. అప్పటికే ఒక ఆవు వచ్చి కింది రెక్కను నాకడం మొదలుపెట్టింది. దాన్ని ఎవరూ తోలలేదు. నాయకుడు గారి మిగిలిన ప్రసంగం అంతా ఆవు నాకుడు చప్పుడుతోనే సాగింది.

మర్నాడు నిప్పులు చెరిగే ఎండ. మధ్యాహ్నానికల్లా మిగిలిన గంజే ఎండి రెక్క మళ్లీ బిగిసింది. మస్తాను మేస్త్రీ మాత్రం చూడనట్టు మొహం అటు తిప్పుకున్నాడు. తాతయ్య ఎక్కబోతుంటే నాయనమ్మ అడ్డం వచ్చింది. "నేను చచ్చినా మళ్లీ ఆ బస్సెక్కను. బాబూ, దీన్లో పెట్రోలు వాసనుంటుందా?" అంది.

"గాలికి వెనక్కి పోతుంది పిన్నిగారూ. గంజి వాసనే ఉంటుంది."

"అదైతే నాకు అలవాటే" అని, కొంగు నడుముకు బిగించి ఎక్కి కూర్చుంది. తాతయ్యా నేనూ బస్సులో వచ్చాం. ఇంటికి చేరేసరికి ఆవిడ వంట చేసేసింది. ఏం చూశావని అడిగితే, "కాలువ పొడుగునా ఏ ఇంట్లో ఏం కూర వండుతున్నారో మొత్తం చూశాను" అంది. ఆ తరవాత నెల రోజులు మా పేటలో ఎవరితో మాట పట్టింపు వచ్చినా, "నేను గాల్లో తిరిగిన మనిషిని" అనే మొదలుపెట్టేది.

ఈసారి నీ వంతేనమ్మా అని సుందరరామయ్య గారు నాకు మాటిచ్చారు. ఆ లోపల పట్నం నుంచి తనిఖీ ఆఫీసరు ఒకాయన వచ్చాడు. రెక్క మీద పూసినదేమిటని అడిగితే, తాతయ్య ముందుకు వచ్చి, "రెండు శేర్ల బియ్యం, మెత్తగా కాచి వడకట్టిందండీ" అని గర్వంగా చెప్పాడు. ఆయన రాసుకున్నాడు. హారన్ ఎందుకని అడిగాడు. మేస్త్రీ చెప్పాడు. అదీ రాసుకున్నాడు. విమానం మళ్లీ ఎగరలేదు. ఇంజను కొన్నేళ్లు సుందరరామయ్య గారి పొలంలో నీళ్లు తోడింది. తాతయ్య, నాయనమ్మ ఒకరి వెనక ఒకరు పోయారు. పేటలో మగ్గాలు ఒక్కొక్కటిగా ఆగిపోయాయి. ఇప్పుడా వీధిలో నిజంగానే సిమెంటు రోడ్డు పడింది. నేను చదువుకుని, టీచరునై, విజయవాడలో రిటైరయ్యాను. గన్నవరంలో పెద్ద విమానాలు ఎక్కి ఎక్కడెక్కడికో వెళ్లాను. వాటిలో కూర్చుంటే ఎగిరినట్టే ఉండదు, అద్దాల గదిలో ఎవరినో కలవడానికి ఎదురుచూస్తున్నట్టు ఉంటుంది.

కొన్నేళ్ల కిందట ఒకసారి ఆయన్ను చూడటానికి వెళ్లాను. అప్పటికే ఎనభై దాటాయి. మాటల్లో, "అందర్నీ ఎక్కించారు, నన్ను తప్ప" అన్నాను నవ్వుతూ. ఆయన నవ్వలేదు. లోపలికి వెళ్లి మోపెడ్ తాళాలు తెచ్చారు. కోడలు వద్దు వద్దంటూ గేటు దాకా వచ్చింది. "ఎక్కమ్మా" అన్నారు. అరవైకి దగ్గరపడిన నేను చీర కుచ్చిళ్లు సర్దుకుని వెనక కూర్చున్నాను. ఆయన కాలువ గట్టెక్కించి, ఆ బండికి లేని వేగం దాని చేత చేయించారు. గట్టు మలుపుల్లో ఆయన ఒక పక్కకు వాలితే నేనూ వాలాను. ఎదురుగా గేదెల మంద. ఆయన హారన్ కొడుతూ, వాటి మధ్య ఉన్న జానెడు సందులోంచి దూరారు. గాలి, ఒక తోక దెబ్బ, నీటి వాసన, ఎవరిదో అరుపు.

ఒకప్పటి మెట్టపొలం దగ్గర ఆపారు. ఇప్పుడది చేపల చెరువు. రొప్పుతూ వెనక్కి తిరిగి, "ఎలా ఉంది?" అని అడిగారు. ఆ కళ్లు ముప్పై ఏళ్లవాడివి.

అబద్ధం చెప్పలేకపోయాను. "భయమేసి కళ్లు మూసుకున్నాను బాబాయి గారూ. ఏమీ చూడలేదు."

ఆయన నన్ను జాలిగా చూశారు. తరవాత బండి వెనక్కి తిప్పి, కాలితో ఒక్క తన్ను తన్ని స్టార్ట్ చేశారు.

"అయితే మళ్లీ ఎక్కు" అన్నారు. "ఈసారి కళ్లు తెరుచుకుని ఉండు."